శవపేటికలో తుమ్ము

మా పేటలో టీవీ సీరియల్ తీస్తారని తెలిసిన వారానికే బాల్కనీల నుంచి దుప్పట్లు వేలాడాయి. ఉతికి ఆరేసినవి కావు, ఎర్ర రంగుతో అక్షరాలు రాసినవి. 'మా బతుకు మీ కథ కాదు' అని ఒకటి. 'మా పిల్లల్ని చూపించండి, తుపాకుల్ని కాదు' అని ఇంకొకటి. నేపుల్స్‌కి ఉత్తరాన ఉన్న మా బ్లాకుల గురించి దేశంలో జనానికి తెలిసిందల్లా ఒక్కటే, మత్తుమందు వ్యాపారం కోసం రెండు ముఠాల వాళ్ళు ఇక్కడ ఒకరినొకరు చంపుకున్నారని. ఇప్పుడు దాన్నే కథగా అల్లి, 'ఉత్తర ద్వారం' అని పేరు పెట్టి, వారం వారం చూపిస్తారట. మా చర్చి ఫాదర్ గారు ఆదివారం ప్రసంగంలో గట్టిగా వద్దన్నారు. మర్నాడే ఆయన అక్క కొడుకు ఆ కంపెనీలో వ్యాను డ్రైవరుగా చేరాడు.

నేను దర్జీదాన్ని. నా పేరు ఎర్సీలియా. సీరియల్లో బట్టల పని చూసేవాళ్ళు వచ్చి, గుంపులో కూర్చునే ఆడవాళ్ళకు నల్ల గౌన్లు ఒంటికి సరిపడేలా కుట్టిపెట్టాలి, వస్తావా అని అడిగితే సరేనన్నాను. తెలిసిన ఆడవాళ్ళుంటే తీసుకురమ్మని కూడా చెప్పారు. నాకు ముందుగా గుర్తొచ్చింది మఫాల్దా.

మఫాల్దా పసుపు బ్లాకు నాలుగో అంతస్తులో ఉంటుంది. భర్త ఎత్తోరే స్నానాల గదుల్లో పలకలు పరిచే పనివాడు. ఆ గొడవల రోజుల్లో మా పేట రెండు ముక్కలైంది. పసుపు బ్లాకుల వైపు 'పై వాళ్ళ' ముఠాది, నీలం బ్లాకుల వైపు 'కింది వాళ్ళ'ది. ఎత్తోరే ఎవరి మనిషీ కాడు. ఒక శనివారం పట్టపగలు సిగరెట్ల కొట్లోంచి బయటికొస్తుంటే, కింది వాళ్ళు స్కూటరు మీద వచ్చి కాల్చేశారు. వాళ్ళకు కావలసింది పై వాళ్ళలో ఒకడట. వాడికీ ఎత్తోరేకీ ఒకే రకం ఆకుపచ్చ జాకెట్టు. అంతే.

కాల్చినవాళ్ళు తర్వాత ఒకరి వెనక ఒకరు వాళ్ళ వైరుల చేతుల్లోనే పోయారు. ప్రాణాలతో జైలుకు వెళ్ళింది వీధి మలుపులో కాపలా కూర్చుని 'మనిషి బయటికొచ్చాడు' అని ఫోను చేసినవాడు ఒక్కడే. వాడు దొనాతో, మా నీలం బ్లాకు ఒలింపియా కొడుకు.

ఒలింపియా, మఫాల్దా పక్క పక్కన పెరిగినవాళ్ళు. మఫాల్దా కూతురు మిరెల్లాకు ఒలింపియా జ్ఞానతల్లి. జ్ఞానస్నానం రోజున బిడ్డను ఎత్తుకున్నావిడా, కన్నతల్లీ, మాలో ఇక పేర్లు పెట్టి పిలుచుకోరు. 'కుమ్మా' అనుకుంటారు, చచ్చేదాకా. ఈ ఇద్దరి మధ్యా ఆ పిలుపు ఎత్తోరే పోయిన రోజునే ఆగిపోయింది. పదేళ్ళు దాటింది. కూరల బజారులో ఒకరు కనబడితే రెండోవాళ్ళు దారి మార్చుకునేవాళ్ళు. మధ్యలో ఉన్న మేమంతా ఇద్దరితోనూ మాట్లాడేవాళ్ళం, ఒకరి దగ్గర మరొకరి ఊసు ఎత్తకుండా.

నేను వెళ్ళి అడిగినప్పుడు మఫాల్దా చిక్కుడు కాయలు వలుస్తోంది.

"ఏం వేషం అక్కా?" అంది.

"వేషం ఏముందే? శవం చుట్టూ కూర్చుని ఏడవాలి."

"ఏడిస్తే డబ్బులిస్తారా?"

"ఇస్తారు. మధ్యాహ్నం భోజనం కూడా."

"ఇన్నేళ్ళు ఊరికే ఏడ్చాను కదక్కా! ముందే చెప్పొద్దూ?"

ఇద్దరం నవ్వలేదు. ఆవిడ ఇంకో నాలుగు కాయలు వలిచి, "వస్తాలే. ఇంట్లో కూర్చుంటే మాత్రం ఏం చేస్తాను" అంది.

జూలై ఎండలో తీశారు ఆ సన్నివేశం. నీలం బ్లాకులో ఖాళీగా ఉన్న ఒక ఇంటి ముందు గది. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు. గది మధ్యలో తెరిచిన శవపేటిక, నాలుగు వైపులా పెద్ద కొవ్వొత్తులు, తలవైపు బుట్టల కొద్దీ తెల్ల లిల్లీ పూలు. కథలో చనిపోయింది ఒక ముఠా పెద్ద తమ్ముడు. ఆ వేషం రోము నుంచి వచ్చిన సన్నటి కుర్రాడిది. ముఖానికి బూడిద రంగు పూసి, నుదుటి మీద రబ్బరుతో చేసిన తుపాకీ గుండు దెబ్బ అతికించారు. పేటికలోకి ఎక్కే ముందు, "అమ్మలూ, నేను కదిలితే తిట్టకండి, నాకు ఈ మధ్యే నడుం పట్టేసింది" అని మాకందరికీ దణ్ణం పెట్టాడు.

గోడ వెంట కుర్చీలు వేశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే అమ్మాయి బియాంకా అని, మిలాన్ పిల్ల, చేతిలో వాకీటాకీ. ఒక్కొక్కరి ముఖం చూసి కూర్చోబెడుతోంది. మఫాల్దాను పేటిక తలవైపు కూర్చోబెట్టింది. వెనక్కి తిరిగి, "మీరు, అవును, మీరే, ఇలా రండి. మీ ఇద్దరి ముఖాలూ పక్క పక్కన బావుంటాయి" అంది.

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. ఆ పిలిచింది ఒలింపియాని. నేను తీసుకురాలేదు, ఆవిడ తనే వెళ్ళి పేరు ఇచ్చుకుందట. మఫాల్దా వస్తుందని ఆవిడకు తెలీదు, ఆవిడ వస్తుందని మఫాల్దాకు తెలీదు.

నేను చేతిలో సూదీ దారంతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. వెళ్ళి బియాంకా చెవిలో చెప్పబోయాను. మఫాల్దా నావైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. ఆ చూపు నాకు తెలుసు. 'నేనెందుకు లేవాలి? లేస్తే ఆవిడే లేవాలి' అని. ఒలింపియా వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఆవిడా అదే అనుకుని ఉంటుంది. ఇద్దరూ కళ్ళు ఎదురు గోడకు అతికించేశారు.

"చచ్చినవాడు వీళ్ళకంటే నయం, కాస్త మెత్తగా ఉన్నాడు" అని వెనక కుర్చీలో చేపల కొట్టావిడ గొణిగింది. ఎవరో ఆవిడ మోచేతి మీద ఒక్కటి వేశారు.

తీయడం మొదలైంది. దర్శకుడు నెమ్మదైన మనిషి, "ఏడవండమ్మా, మీ ఇష్టమొచ్చినట్టు ఏడవండి" అన్నాడు. అందరూ మొదలుపెట్టారు. చేపల కొట్టావిడైతే బజారులో అరిచే గొంతుతోనే అరిచింది. మఫాల్దా మాత్రం ఏడవలేదు. కళ్ళు పొడిగా, పెదాలు బిగించి కూర్చుంది. మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే. "ఫర్వాలేదు, కొందరు అలాగే ఉంటారు" అన్నాడు దర్శకుడు. లైట్లు మార్చి మళ్ళీ మొదలుపెట్టారు. గదిలో గాలి లేదు. మైనం వాసన, లిల్లీల వాసన, చెమట వాసన. పూల పుప్పొడి పసుపుగా పేటిక మీదా, కుర్రాడి కాలరు మీదా రాలుతోంది.

చేపల కొట్టావిడ ఏడుపు అందుకుంది. కెమెరా మెల్లగా శవం ముఖం మీదికి జరిగింది. అప్పుడు శవం తుమ్మింది.

మామూలు తుమ్ము కాదు. ఆపుకుని ఆపుకుని వదిలిన తుమ్ము. లేచి కూర్చున్నాడు. తలవైపున్న కొవ్వొత్తి ఆరిపోయింది. నుదుటి మీది గుండు దెబ్బ ఊడి ఒలింపియా ఒళ్ళో పడింది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా!" అంది చేపల కొట్టావిడ, ఎవరు తుమ్మినా అనే అలవాటు కొద్దీ.

ఆ కుర్రాడు శవం ముఖంతోనే, "అలాగేనమ్మా" అన్నాడు.

ముందు నవ్విందెవరో నాకు తెలీదు. గది మొత్తం పడీ పడీ నవ్వింది. బియాంకా కూడా వాకీటాకీ అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ఒలింపియా తన ఒళ్ళో ఉన్న రబ్బరు గాయాన్ని రెండు వేళ్ళతో పైకి ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక పక్కకు చూసింది. పక్కన మఫాల్దా. ఇద్దరి చూపులూ కలిశాయి.

మఫాల్దా నవ్వింది. పొట్ట పట్టుకుని, ముందుకు వంగి, ఊపిరి అందకుండా. ఎత్తోరే ఉన్న రోజుల్లో నవ్వినట్టు. ఒలింపియాకూ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే మఫాల్దా గొంతు మారింది. మేమంతా నవ్వే అనుకున్నాం, కాదు. ఏడుస్తోంది. లోపల ఎక్కడో ఇన్నేళ్ళు తాళం వేసి ఉంచిందేదో పగిలినట్టు, పేటిక అంచు పట్టుకుని, పెద్దగా ఏడుస్తోంది. కుర్రాడు భయపడిపోయి పేటికలో అలాగే కూర్చుండిపోయాడు.

ఒలింపియా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కుమ్మా, ఊపిరి తీసుకో. కుమ్మా, నన్ను చూడు. ఊపిరి తీసుకో" అంది.

ఆ మాట నోరు జారి వచ్చిందే. అన్న తర్వాత ఒలింపియా ముఖం తెల్లబోయింది. మఫాల్దా మాత్రం చెయ్యి లాక్కోలేదు.

భోజనాల వేళ అందరూ పళ్ళాలతో నీడ వెతుక్కున్నారు. వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి. ఆ ఖాళీలో నన్ను కూర్చోమంది మఫాల్దా. కూర్చున్నాను.

"నేను వచ్చాను" అంది ఒలింపియా ఉన్నట్టుండి. "ఎత్తోరేను సమాధికి తీసుకెళ్ళిన మర్నాడు."

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. దగ్గరివాళ్ళే వండి తీసుకెళ్ళాలి. ఆ రోజు మఫాల్దా ఇంటికి పేటంతా గిన్నెలు మోసింది. కుమ్మా గిన్నె రాలేదన్నదే మఫాల్దా గుండెలో ముల్లు, నాతో ఎన్నోసార్లు అంది.

"ఎక్కడికొచ్చావ్?" అంది మఫాల్దా.

"మీ తలుపు దాకా. లిఫ్టు ఆ రోజు కూడా పనిచెయ్యట్లేదు. కోడి సూపు కాచి, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నాలుగు అంతస్తులూ ఎక్కాను. అప్పటికి దొనాతో సంగతి నాకు తెలిసిపోయింది. లోపల నీ ఏడుపు వినబడుతోంది. తలుపు మీద చెయ్యి వేశాను. కొట్టలేకపోయాను. ఏ ముఖం పెట్టుకుని కొడతాను కుమ్మా?"

మఫాల్దా పళ్ళెంలో చూస్తోంది.

"ఆ సూపు ఏం చేశావ్?"

"పారబోశాను. ఆ గిన్నెలో మళ్ళీ వండబుద్ధి కాక గిన్నె కూడా పారేశాను."

"పెద్ద గిన్నేనా? నీ పెళ్ళినాటిది?"

"అదే."

"పిచ్చిదానా, మంచి గిన్నె అది" అంది మఫాల్దా. తర్వాత "తలుపు కొట్టి ఉంటే నేను నిన్ను మెట్ల మీంచి తోసేసేదాన్ని" అంది.

"తెలుసు."

"ఇప్పుడు తొయ్యను. తిను, చల్లారిపోతోంది."

కెమెరా అతను ఆ గోలలో మిషను ఆపలేదట. దర్శకుడు మఫాల్దా దగ్గరికొచ్చి, ఆ ఏడుపు వాడుకోవచ్చా అని అడిగాడు. "నవ్వు కూడా ఉంచు, అప్పుడు వాడుకో" అంది. ఆయన సరేనన్నాడు గానీ, చివరికి ఏడుపే ఉంచి నవ్వు కోసేశారు. పని అంటే అంతే మరి.

ఆ భాగం చలికాలంలో టీవీలో వచ్చింది. మహా అయితే నాలుగు క్షణాలు. శవం పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చేతిలో ఒకరి చెయ్యి. పేటంతా చూసింది. మర్నాడు రొట్టెల కొట్లో అదే మాట. మిరెల్లా కూడా చూసింది. మిరెల్లా మా పేట స్కూల్లో టీచరు. తండ్రి పోయేనాటికి కాలేజీ పిల్ల. తల్లి ఇంటికి వచ్చి తలుపు కూడా వెయ్యకుండా కేకలు మొదలుపెట్టింది. రెండు అంతస్తుల కింద ఒకరింట్లో కొలతలు తీసుకుంటున్న నాకు అక్షరం అక్షరం వినబడింది.

"ఊరంతా చూస్తుండగా ఆవిడ చెయ్యి పట్టుకున్నావా? నాన్న గుర్తు రాలేదా నీకు?"

"నీ జ్ఞానతల్లి అది."

"నాకెవరూ లేరు. ఆవిడ కొడుకు వచ్చే వసంతంలో బయటికొస్తున్నాడట. వాడి చెయ్యి కూడా పట్టుకుంటావా?"

మఫాల్దా జవాబు నాకు వినబడలేదు. మిరెల్లా మెట్లు దిగి వెళ్ళిపోతూ నన్ను చూసి, "మీరే కదా తీసుకెళ్ళింది" అని ఒక మాట అనేసి పోయింది. కోపంలో అన్న మాట, పట్టించుకోలేదు.

దొనాతో వసంతంలోనే వచ్చాడు. ఇరవై ఏళ్ళకు వెళ్ళినవాడు కణతల దగ్గర తెల్ల వెంట్రుకలతో వచ్చాడు. ఇంట్లోంచి బయటికి రాడు. కిటికీ తలుపులు కూడా తెరవడు. ఒలింపియా నా దగ్గర కూర్చుని కళ్ళు ఒత్తుకునేది. కింది వాళ్ళలో మిగిలినవాళ్ళు ఒకసారి పలకరించడానికి వచ్చారట. వీడు తలుపు తియ్యలేదు.

ఒక రోజు మఫాల్దా కబురు పంపింది. "వాణ్ణి నా ఇంటికి రమ్మను. ఒక్క మాట అడగాలి." నన్నూ పిలిచింది. "నువ్వు పక్కన కూర్చో అక్కా. వాణ్ణి చూస్తే నాకు ఏమవుతుందో నాకే తెలీదు" అంది.

పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్క గదిలో మిరెల్లా ఉంది. స్కూలుకు సెలవు పెట్టి వచ్చింది. వాడి ముఖం చూడనంది గానీ తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంది.

"నువ్వు అక్కడున్నావ్" అంది మఫాల్దా. "ఆయన్ని చివరిసారి చూసినవాడివి నువ్వే. నాకు ఎవరూ చెప్పలేదు. కోర్టులో లాయర్లు మాట్లాడారు, పోలీసులు మాట్లాడారు. ఆయన ఎలా ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. చెప్పు."

దొనాతో మొదలుపెట్టాడు. "నాకు ఆకుపచ్చ జాకెట్టు కనబడింది పిన్నీ. వీపు కనబడింది. ఫోను చేశాను. పెట్టేశాను. అప్పుడు ఇటు తిరిగాడు." ఆగాడు. "ఎత్తోరే బాబాయ్."

మఫాల్దా కానివ్వమన్నట్టు తల ఊపింది.

"మళ్ళీ ఫోను చేశాను, ఎత్తలేదు. స్కూటరు చప్పుడు వినబడుతోంది. అందుకని అరిచాను. 'బాబాయ్! బాబాయ్!' అని. లోపలికి పో అని అరవాల్సింది. నోటికి ఆ మాట రాలేదు. పేరే వచ్చింది. బాబాయ్ విన్నాడు. నన్ను చూశాడు. నేను పలకరిస్తున్నాననుకున్నాడు." చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "నవ్వి, చెయ్యి ఊపాడు పిన్నీ. అంతే."

మఫాల్దా "అయితే ఆయన భయపడలేదు" అంది.

"లేదు. వెనక స్కూటరును చూడనే లేదు. నన్నే చూస్తున్నాడు."

ఎత్తోరే పరుగెత్తాడా, బతిమాలాడా, తన పేరు తలచుకున్నాడా అని ఆవిడ ఇన్నేళ్ళు ఎన్ని రాత్రులు ఊహించుకుందో నాకు తెలుసు. ఆవిడ భుజాలు మెల్లగా కిందికి దిగడం పక్కనుంచి చూశాను.

తలుపు తోసుకుని మిరెల్లా వచ్చింది. "ఇది కోర్టులో ఎందుకు చెప్పలేదు? అరిచానని చెప్పి ఉంటే శిక్ష తగ్గేది కదా!"

"మా వాళ్ళ పని చెడగొట్టబోయానని తెలిస్తే మా అమ్మను బతకనిచ్చేవాళ్ళా?" అన్నాడు దొనాతో తల ఎత్తకుండా. "అంత పని చేయించే పెద్దలెవరూ ఇప్పుడు లేరు. అందుకే చెప్పగలుగుతున్నాను."

మిరెల్లా బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

"చూడు దొనాతో" అంది మఫాల్దా. "నీ ఫోనుతోనే ఆయన పోయాడు. అది నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోకు. నువ్వు అరిచావన్నది ఈ రోజు తెలిసింది. అదీ నాతోనే ఉంటుంది. ఇంట్లో కూర్చుని మీ అమ్మను చంపకు. బయటికి రా. ఎవరైనా ఏమైనా అంటే, మఫాల్దా రమ్మంది అని చెప్పు."

మా పేటలో ఆ మాటకున్న బరువు బయటివాళ్ళకు తెలీదు. చనిపోయినవాడి భార్య రమ్మన్నాక ఇంకెవడు వేలెత్తుతాడు? దొనాతో బయటికొచ్చాడు. కూల్చేసిన పాత బ్లాకు స్థలంలో కొందరు కలిసి తోట వేస్తున్నారు, అక్కడ పనికి కుదిరాడు. మొదట్లో మొక్కల వైపే ముఖం పెట్టి పనిచేసేవాడు. వేసవికల్లా దారినపోయే ముసలివాళ్ళకు టమాటాలు కోసి ఇవ్వడం, రెండు మాటలు మాట్లాడడం చూశాను. ఒలింపియా, మఫాల్దా కలిసి బజారుకెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరు కొన్నదాన్ని ఒకరు తప్పుపడుతూ, చేపల కొట్టావిడను ఇద్దరూ కలిసి బేరంతో ఏడిపిస్తూ.

మిరెల్లా మాత్రం దొనాతో ఎదురైతే తల తిప్పుకునేది. ఆవిణ్ణి ఎవరూ బలవంతం చెయ్యలేదు, మఫాల్దా కూడా.

సీరియల్ రెండో ఏడాది మొదలైంది. స్కూల్లో పెద్ద తరగతుల పిల్లలు అందులోని ముఠా నాయకుడిలా జుట్టు కత్తిరించుకుని, వాడి మాటలే మాట్లాడుతున్నారని టీచర్లు తలలు పట్టుకున్నారు. ఫాదర్ గారిని పిలిచారు, పిల్లలు ఆవలించారు. పోలీసు అధికారిని పిలిచారు, వాళ్ళు ఆయన తుపాకీ ఏ రకమని అడిగారు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం మిరెల్లా తోట దగ్గరికి వెళ్ళింది. కంచె ఇవతలే నిలబడి, "మా పిల్లలతో మాట్లాడతావా?" అని అడిగింది. దొనాతో చేతిలోని పార కింద పెట్టి, "ఏం చెప్పాలి?" అన్నాడు. "మా అమ్మకు చెప్పింది" అంది.

ఆ రోజు స్కూలు హాలులో నాటకం తెరలు కుడుతూ నేనూ ఉన్నాను. దొనాతో గొప్పగా మాట్లాడలేదు. తడబడ్డాడు, రెండుసార్లు నీళ్ళు తాగాడు. ఎత్తోరే పేరు చెప్పాడు, ఫోను సంగతి చెప్పాడు, బాబాయ్ అని అరిచిన సంగతి చెప్పాడు. వెనక వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గంట మోగినా కాసేపు లేవలేదు.

అందరూ వెళ్ళాక దొనాతో జాకెట్టు తొడుక్కుంటున్నాడు. మిరెల్లా కుర్చీలు వరసగా పెడుతూ, అతనివైపు చూడకుండానే, "వచ్చే నెల చిన్న తరగతులకు కూడా చెప్పాలి. వాళ్ళు ప్రశ్నలు ఎక్కువ వేస్తారు, తయారుగా రా" అంది.

"వస్తాను" అన్నాడు దొనాతో. అవతలి వరస కుర్చీలు అతను సర్దడం మొదలుపెట్టాడు.